కింది అంకె ముందు

మా లెక్కల టీచరుగారు పోయారు. పోయిన వారం మంగళవారం పొద్దున్న నేను షాపులో కూర్చుని ఎవరిదో పట్టు జాకెట్టుకి చేతులు కత్తిరిస్తున్నాను. మా ఊరి బడిలో చదువుకున్న వాళ్ళం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. "మన టీచరుగారు రాత్రి నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. సాయంత్రం నాలుగింటికి సమాధుల తోటకి తీసుకెళ్తారు." కింద వరసగా దణ్ణం పెట్టే బొమ్మలు. నేను కత్తెర పక్కన పెట్టేశాను. కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని పట్టుగుడ్డ కత్తిరించకూడదు. పావంగుళం తేడా వస్తే చంక పట్టేస్తుంది, అరంగుళం తేడా వస్తే జాకెట్టు తాలూకు మనిషి నా పీక పట్టేస్తుంది.

పావు, అర, ముప్పావు అని నేనివాళ ఇంత ధీమాగా అంటున్నానంటే అది ఆవిడ చలవే. రావులపాలెంలో నా టైలరింగు షాపు పదిహేనేళ్ళుగా నడుస్తోంది. టేపు మెడలో వేసుకున్న ప్రతిసారీ ఆవిడ గుర్తుకొస్తారని అబద్ధం చెప్పను. గుడ్డ కొలిచి కాగితం మీద అంకె వేసేటప్పుడు మాత్రం తప్పకుండా గుర్తుకొస్తారు. ఎందుకంటే నేను ఇప్పటికీ కింది అంకె ముందు వేస్తాను. మూడు బై నాలుగు రాయాలంటే లోకమంతా ముందు మూడు వేసి, గీత గీసి, కింద నాలుగు వేస్తుంది. మేము ముందు నాలుగు వేస్తాం, దాని నెత్తిన గీత గీస్తాం, ఆ తర్వాతే మూడు. మా బడిలో ఐదో తరగతి చదివిన వాళ్ళెవరినైనా పట్టుకుని రాయించి చూడండి.

"ముందు ఎంతమందున్నారో చూడు. తర్వాత నీకెంతో చూసుకో." ఇదీ ఆవిడ చెప్పే కారణం. ఈ మాట ఎన్ని వందలసార్లు విన్నానో! అప్పట్లో అది లెక్కల సూత్రమనే అనుకున్నాను.

మాది గోదావరి గట్టు కింద చిన్న ఊరు. రెండు గదుల బడి. టీచరుగారు పక్క పేట నుంచి నడిచి వచ్చేవారు. అంచు లేని తెల్లచీర, చేతిలో గొడుగు, సంచిలో బైబిలు, బైబిలు పక్కన పొడుగాటి స్కేలు. లూథరన్ చర్చిలో ఆదివారం పిల్లలకి పాటలు నేర్పేదీ ఆవిడే. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలితో కలిసి ఉండేవారు. స్కేలుతో ఎవర్నీ కొట్టగా చూడలేదు, బల్ల మీద మాత్రం బాగా కొట్టేవారు.

భిన్నాల పాఠం మొదలుపెట్టిన రోజు నాకు బాగా గుర్తు. పుస్తకంలో గుండ్రటి కేకు బొమ్మ, దానికి ఎనిమిది గీతలు. "ఇలాంటి కేకు కోసుకుని తిన్నవాళ్ళు చేతులెత్తండి" అన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. ఆవిడా ఎత్తలేదు. "నేనూ తినలేదర్రా. తినని వస్తువుని ఎలా పంచుతాం? పుస్తకాలు మూసెయ్యండి" అన్నారు.

అంతే, ఆ నెలంతా పుస్తకం తెరిస్తే ఒట్టు. ఒంటిపూట బడి రోజులు కదా, ముంజెలు వచ్చేశాయి. ఒక తాటికాయ చెక్కించి తెచ్చి చూపించారు. కాయకి మూడు కళ్ళు, ఒక్క ముంజె తింటే మూడో వంతు. రెండు ముంజెలు తిని "ఒకటే తిన్నానండి" అన్నవాణ్ణి నిలబెట్టి, "నువ్వు మూడింట రెండు తిని మూడింట ఒకటి చెప్పావు, నీ నిజం సగమే" అన్నారు. అరటిగెల ఒకటి తెచ్చి గోడకి ఆనించి, అందులో ఒక్కో వరస కాయలు, అదే అత్తం, గెలలో ఎన్నో వంతో చెప్పమన్నారు. బస్సులో హాఫ్ టికెట్టు తీసుకున్న వాళ్ళని "నువ్వు సగం మనిషివా? మరి సీటు మొత్తం ఎందుకు ఆక్రమించావు?" అని ఏడిపించేవారు. గట్టెక్కించి, నీళ్ళు కాలవలో ముప్పావుకి ఉన్నాయా, సగానికి ఉన్నాయా అని పందెం వేయించేవారు. ఇంటికెళ్ళాక మేము ఊరుకునేవాళ్ళమా? అట్టు మడతపెడితే సగం, మళ్ళీ మడిస్తే పావు. మా అమ్మలు విసుక్కునేవాళ్ళు, "తినండ్రా బాబూ, లెక్కలు తర్వాత" అని.

ఒకసారి చర్చికెళ్ళే పిల్ల ఒకతి లేచి, "పాస్టరుగారు రొట్టె ముక్కలు చేస్తారు కదండి, అందులో నాకెన్నో వంతు?" అని అడిగింది. ఆవిడ స్కేలు పక్కన పెట్టారు. "దాన్ని లెక్కెయ్యకూడదమ్మా. ఆ ముక్క ఎంత చిన్నదైనా మొత్తం కిందే లెక్క" అన్నారు. మాకేమీ అర్థం కాలేదు.

ఇప్పుడు నా సంగతికొస్తాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఆవిడ మీద రాస్తూ ఇది దాచిపెడితే ఆ స్కేలు పైనుంచి నా బల్ల మీద పడుతుంది.

ఒక శనివారం ఆవిడ మాకు హోంవర్కు ఇచ్చారు. "రేపు మీ ఇంట్లో ఏదో ఒకటి ముక్కలవుతుంది కదా. అది ఎన్ని ముక్కలైందో, అందులో మీకెంత వచ్చిందో రాసుకురండి." నా అదృష్టం చూడండి, సరిగ్గా ఆదివారం పొద్దున్న పక్కింటి గేదె ఈనింది. మా ఊళ్ళో జున్నుపాలు అమ్మరు, ఇరుగుపొరుగుకి పంచుతారు. మాకో చెంబుడు వచ్చాయి. అమ్మ బెల్లం కలిపి, మిరియాలు దంచి వేసి, గుండ్రటి గిన్నెలో ఆవిరి మీద పెట్టింది. జున్ను కొయ్యడం మాత్రం మా మామ్మ పని. ఇంట్లో ఏదైనా పంచేది మామ్మే, చాకు ఆవిడ చేతిలోనే ఉండాలి. అడ్డంగా ఒక గాటు, నిలువుగా ఒక గాటు, నాలుగు ముక్కలు. మామ్మకి, నాన్నకి, అన్నయ్యకి, నాకు. అమ్మకి జున్ను పడదు. చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఖాళీ గిన్నె తీసుకుని కడగడానికి పెరట్లోకి వెళ్ళింది. ఎందుకో చాలాసేపు కడిగింది.

సోమవారం నేను పలక మీద దర్జాగా రాసి చూపించాను. కింద నాలుగు, పైన ఒకటి.

"ఇంట్లో ఎంతమందమ్మా?" అన్నారు టీచరుగారు.

"నలుగురమండి."

"అమ్మతో కలిపా?"

క్లాసంతా గొల్లున నవ్వింది. "అమ్మతో కలిపితే ఐదుగురమండి" అన్నాను.

"జున్ను చేసిందెవరు?"

"అమ్మేనండి."

"కింది అంకె వేసేటప్పుడు వండినావిణ్ణి మర్చిపోకూడదమ్మా" అన్నారు. అని, నా పలక మీద నాలుగు చెరిపేసి ఐదు వేశారు.

నాకు బుర్రలో ఒక్కటే వెలిగింది. నాలుగు కంటే ఐదు పెద్దది! ఇన్నాళ్ళూ మామ్మ నాకు పావు పెట్టి మోసం చేస్తోంది, నాకు రావలసింది ఐదో వంతు! మీరు నవ్వుతారని తెలుసు. పదేళ్ళ పిల్లకి జున్ను విషయంలో అంతకంటే తెలివెక్కడుంటుంది?

జున్నుపాలు రెండు మూడు రోజులు వస్తాయి కదా. ఆ సాయంత్రం పక్కింటి వాళ్ళు మళ్ళీ పంపారు. మామ్మ చాకు తియ్యగానే నేను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. "మామ్మా, నాకు పావు వద్దు. ఐదో వంతు కావాలి."

"ఐదో మనిషెవరే?"

"అమ్మ."

"దానికి పడదుగా" అంది మామ్మ. అమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. నాన్న తల ఎత్తకుండా, "కొయ్యమ్మా, ఐదు కొయ్యి" అన్నాడు. వాళ్ళమ్మకి ఎదురు చెప్పడం నేను చూసిన మొదటిసారి అదే.

మామ్మ పళ్ళు నూరుకుంటూ ఐదు ముక్కలు కోసింది. నా ముక్క పళ్ళెంలో పడగానే వంగి చూశాను. నిన్నటి దాని కంటే చిన్నగా ఉంది! లబోదిబోమని ఏడుపు అందుకున్నాను. "నాకు తక్కువ పెట్టారు, టీచరుగారు ఐదు వేశారు, ఐదు పెద్దది" అని కాళ్ళు నేలకేసి కొట్టాను. అప్పటికి అమ్మ తన ముక్కలోంచి చిటికెడు తుంచి నోటి దాకా తీసుకెళ్ళింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. చిటికెడుతో సహా ముక్క మొత్తం నా పళ్ళెంలో పెట్టేసింది. "ఏడవకమ్మా. నాకెలాగూ పడదు" అంది.

నేను తిన్నాను. వేళ్ళు కూడా నాకాను.

మర్నాడు బడికెళ్ళి ఆవిడ మీదే ఫిర్యాదు చేశాను. "ఐదో వంతు చిన్నదండి. మీరు నన్ను మోసం చేశారండి" అన్నాను. టీచరుగారికి నవ్వాగలేదు. "ఇప్పుడు తెలిసిందా? కింది అంకె పెరిగితే ముక్క తగ్గుతుంది. తగ్గిందంతా ఎటు పోయింది?"

"అమ్మకండి."

"అమ్మ తిన్నదా?"

"నాకిచ్చేసిందండి."

"నువ్వు తిన్నావా?"

"తిన్నానండి."

అప్పుడావిడ నవ్వు పోయింది. బోర్డు మీద రాశారు. నాకు ఐదింట రెండు. పక్కన అమ్మకి, ముందు కింద ఐదు వేసి, గీత గీసి, పైన సున్నా పెట్టారు. వెనక బెంచీ వాళ్ళు సున్నా చూసి నవ్వారు. ఆవిడ వాళ్ళ వైపు చూసేసరికి ఆపేశారు.

"మొన్న మీ అమ్మ లెక్కలోనే లేదు. నిన్న లెక్కలోకి వచ్చింది గానీ చేతిలోకి రాలేదు. ఈ లెక్క సరిచేసుకురా అమ్మా. తొందరేం లేదు" అన్నారు మెల్లగా.

ఈ సంగతి మామ్మ చెవిన పడింది. మామ్మ బడికొచ్చి గుమ్మంలో నిలబడి, "మా ఇంట్లో ఎవరెంత తిన్నారో నీకెందుకమ్మా?" అని అరిచింది. టీచరుగారు లేచి కుర్చీ వేశారు, మంచినీళ్ళివ్వమన్నారు. టీచరుగారి పేట వాళ్ళ చేతి నీళ్ళు మామ్మ తాగేది కాదు, కుర్చీలోనూ కూర్చోలేదు. టీచరుగారు చేతులు కట్టుకుని, "ఇంటి సంగతి అడిగాను, తప్పేనండి. క్షమించండి. కానీ లెక్క తప్పు కాదండి" అన్నారు. మామ్మ విసురుగా వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మా ఇంట్లో మళ్ళీ నాలుగు ముక్కలే. నేనూ మర్చిపోయాను. టీచరుగారు మాత్రం మర్చిపోలేదు. పదో తరగతి పాసైనప్పుడు చెప్పడానికి వెళ్తే, బిస్కట్లు పెట్టి, "ఆ లెక్క సరిచేశావా అమ్మా?" అన్నారు. నా పెళ్ళికొచ్చారు. పందిట్లో నా తల మీద చెయ్యి పెట్టి, "సుఖంగా ఉండు. ఆ లెక్క సరిచేశావా?" అని అడిగారు. మా ఆయన కంగారుపడి "ఏం లెక్క?" అన్నాడు. పోయినేడు రావులపాలెం బస్టాండులో కనబడ్డారు. నడుం బాగా వంగిపోయింది, గొడుగే చేతికర్ర అయింది. మళ్ళీ అదే ప్రశ్న. "అమ్మకి జున్ను పడదండి, ఎన్నిసార్లడిగినా అదే మాట" అన్నాను. "అలాగా!" అని ఆవిడ నవ్వారు. ఏదో తెలిసి నవ్వినట్టు నవ్వారు. బస్సొచ్చింది, ఎక్కించాను. అదే ఆఖరు.

నాన్నా మామ్మా పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. టీచరుగారి కబురు చెప్పగానే "నేనూ వస్తాను" అంది. మోకాళ్ళు నెప్పులు, గట్టు మీద నడవాలి, వద్దన్నాను. నా మీద ఇంతెత్తున లేచింది. చివరికి మూడో రోజు వాళ్ళింట్లో ఓదార్పుకి పెట్టే ఆదరణ కూడికకి ఆటోలో తీసుకెళ్తానని ఒప్పించి, సమాధికి నేనొక్కదాన్నే వెళ్ళొచ్చాను.

కూడికలో ప్రార్థన అయ్యాక అందరం బయటికొస్తుంటే టీచరుగారి చెల్లెలు అమ్మని చూసి గబగబా వచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు. ఇద్దరూ ఏడ్చారు. వీళ్ళిద్దరికీ ఇంత పరిచయం ఎక్కడిదా అని నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. ఆవిడ లోపలికెళ్ళి ఒక స్టీలు డబ్బా తెచ్చారు. "మీ డబ్బా మా దగ్గరే ఉండిపోయిందండి. అక్క ఇచ్చేయమని రెండుసార్లు గుర్తుచేసింది" అన్నారు. మూత మీద చుక్కలు చుక్కలుగా మా నాన్న పేరు చెక్కి ఉంది. లోపల రెండు బెల్లం ముక్కలు. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదు కదా.

ఆటో ఎక్కాక అడిగాను. "మన డబ్బా అక్కడెందుకుందే?"

"పోయినేడు ఆవకాయ పంపాను."

"నువ్వా? ఎవరితో? ఎందుకు?"

అమ్మ అటువైపు అరటితోటలు చూస్తూ చెప్పింది.

"మీ మామ్మ బడికెళ్ళి అరిచొచ్చిన వారం తర్వాత అనుకుంటా, కాలవ రేవులో బట్టలు ఉతుక్కుంటున్నాను. మీ టీచరమ్మ వచ్చింది. వాళ్ళ పేటలో గేదె ఈనిందట, జున్ను వండి డబ్బాలో తెచ్చింది. రేవు మెట్టు మీద కూర్చుని, మూత తీసి నా చేతికిచ్చి, 'ఇది మొత్తం మీదేనండి. వంతుల్లేవు' అంది. నేను తినేదాకా కదల్లేదు. అప్పటినుంచి ఏడాదికోసారి, రెండుసార్లు తెచ్చేది. మీ మామ్మ ఉన్నన్నాళ్ళూ రేవులోనే తిన్నాను."

"నీకు పడదుగా?"

"పడకపోవడమేంటే? నాకు జున్నంటే ప్రాణం."

నేను అమ్మ వైపు తిరిగి అడిగాను, "మరి మామ్మ పోయాక కూడా పడదనే అన్నావు కదే!"

"పాతికేళ్ళు పడదన్నదాన్ని, ఒక్కసారిగా పడుతుందంటే మీరంతా నవ్వరూ? అయినా నువ్వెప్పుడైనా కోసి నా ముందు పెట్టావా? తింటావా అని అడుగుతావు, పడదంటాను, సరేనని నువ్వే తినేస్తావు."

ఆటో వాడు అద్దంలోంచి నన్ను చూశాడు. నేను చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను.

"ఆవిడ నన్ను అడిగేది," అంది అమ్మ, "మీ అమ్మాయి పెట్టిందా అండి అని. ఇంకా లేదండి అనేదాన్ని. 'పెడుతుందిలెండి. దానికి లెక్కలు కాస్త నిదానంగా వస్తాయి' అనేది."

మర్నాడే మాకు పాలు పోసే ఆవిడతో చెప్పాను, ఎక్కడ గేదె ఈనినా ముందు నాకు చెప్పమని. ఎనిమిది రోజులు పట్టింది. ఇవాళ సాయంత్రం రెండు గ్లాసుల జున్నుపాలు తెచ్చింది. టీచరుగారి చెల్లెలు డబ్బాలో పెట్టిచ్చిన బెల్లమే వేశాను. అమ్మ చెప్పినట్టే మిరియాలు దంచాను. చాకు తీసుకుని గిన్నె ముందు కూర్చున్నాను. మా ఆయన, ఇద్దరు ఆడపిల్లలు, నేను, అమ్మ. ఐదుగురం.

"ఆరు కొయ్యవే" అంది అమ్మ.

మా పెద్దది ఐదో తరగతి. "మనం ఐదుగురమే కదమ్మా, ఆరు కోస్తే మనకి తగ్గిపోతుంది" అంది. దానికి లెక్కలు నాకంటే బాగా వచ్చు. అడ్డంగా సగానికి కోసి, ఒక్కో సగాన్ని మూడు చేశాను. సమానంగానే వచ్చాయి, పావంగుళం తేడా లేదు.

మొదటి పళ్ళెం అమ్మ ముందు పెట్టి, కదలకుండా ఎదురుగా కూర్చున్నాను. అమ్మ నన్ను చూసింది, పళ్ళాన్ని చూసింది. చిటికెడు తుంచి నోట్లో పెట్టుకుంది. ఈసారి చెయ్యి ఆగలేదు.

"అమ్మమ్మా, నీకు జున్ను పడదుగా?" అంది మా చిన్నది.

"పడుతుందే" అంది అమ్మ. "బెల్లం కాస్త ఎక్కువైంది గానీ."

అందరి ముక్కలూ కొంచెం చిన్నవే అయ్యాయి. ఎవరూ ఏడవలేదు, నేను తప్ప. బల్ల మీద నాన్న పేరున్న డబ్బాలో ఆరో ముక్క ఉంది. రేపు పొద్దున్నే మొదటి బస్సుకి అమ్మా నేనూ దాన్ని టీచరుగారి చెల్లెలికి ఇవ్వడానికి వెళ్తాం. ఇంకా వేడి చల్లారలేదని అమ్మ దానికి మూత పెట్టలేదు.